కాళ్ళు లెక్కపెట్టిన తరగతి

ఏడో తరగతిలో ఒకరోజు సైన్స్ టీచర్ గారు బల్ల మీద గాజు సీసా పెట్టి, "ఇందులో ఉన్నది కీటకమేనా?" అని అడిగారు. లోపల సాలీడు ఉంది. "అవును టీచర్" అని అందరం అరిచాం. "కాళ్ళు లెక్కపెట్టి చెప్పండి" అన్నారు. ఎనిమిది! కీటకానికి ఆరే ఉంటాయి. మనకేమో పాకేవన్నీ పురుగూ పుట్రానే. ఆరుద్ర పురుగు పేరులోనే పురుగు ఉన్నా, దానికీ ఎనిమిది కాళ్ళేనని, అది సాలీడుకు చుట్టమని ఆ రోజే తెలిసింది.

తర్వాత బంకమట్టితో చీమ బొమ్మ చేయించారు. మూడు ముద్దలు: తల, రొమ్ము, పొట్ట. నేను ముద్దకు రెండేసి కాళ్ళు చొప్పున పంచి పెట్టాను. టీచర్ తప్పని అనలేదు. భూతద్దం చేతికిచ్చి, కిటికీ అంచున పోతున్న చీమలను చూపించారు. ఆరు కాళ్ళూ నడిమి ముద్ద నుంచే వస్తున్నాయి. బొమ్మ విరగ్గొట్టి మళ్ళీ చేశాను. అలా కళ్ళతో చూసి దిద్దుకున్నది ఇప్పటికీ మరచిపోలేదు.

ఆ చీమలతోనే ఇంకో ఆట. కాగితం మీదుగా చక్కెర దాకా అవి బారు కట్టాక, ఆ దారికి అడ్డంగా వేలితో గట్టిగా రుద్దమన్నారు. ముందొచ్చే చీమ అక్కడే ఆగి, అటూ ఇటూ తిరిగి వెతుక్కుంది. వెనకవీ అంతే. అవి నడిచేది వాసన గీత వెంట అని అప్పుడు చెప్పారు. ముందే చెప్పి ఉంటే మేమంత ఊపిరి బిగబట్టి చూసేవాళ్ళం కాదు.

నాతో చదివిన నేస్తాలూ, తేనెటీగ నాట్యం ఆట గుర్తుందా? ఒకరు బయట కాగితం పువ్వు దాచి వచ్చి, మాట్లాడకుండా ఒళ్ళు ఊపుతూ నడిచి చూపించాలి. నల్లబల్ల వైపు నేరుగా నడిస్తే పువ్వు సూర్యుడున్న దిక్కున ఉన్నట్టు. పక్కకు ఒరిగితే అంత కోణంలో. ఎంతసేపు ఊపితే అంత దూరం. తెట్టె మీద ఈగలు చేసేది ఇదేనని విప్పి చెప్పిన కార్ల్ ఫాన్ ఫ్రిష్‌కు 1973లో నోబెల్ బహుమతి వచ్చింది. మేం మాత్రం పువ్వు దొరికేదాకా తరగతికి రాలేదు.

అన్నిటికంటే నాకు దగ్గరైనది గొంగళి పురుగులను పెంచడం. నిమ్మ ఆకుల మీద దొరికిన మూడింటిని మూడు సీసాల్లో వేసి, పైన పల్చటి గుడ్డ కట్టాం. రోజూ లేత ఆకులు మార్చడం, రెట్టలు తీసేయడం, పొడవు కొలిచి రాయడం మా వంతు. మొదట్లో పిట్ట రెట్టలా కనిపించేవి. ఒకరోజు వచ్చి చూస్తే కుబుసం విడిచి ఆకుపచ్చగా మారిపోయాయి. పుల్లతో తాకితే తల వెనక నుంచి నారింజ రంగు కొమ్ములు బయటపెట్టి ఘాటు వాసన వదిలేవి. చివరకు నడుముకు పట్టుదారం చుట్టుకుని, పుల్లకు ఆనుకుని, తినకుండా కదలకుండా ఉండే ప్యూపాలయ్యాయి.

రెండు ప్యూపాల నుంచి సీతాకోకచిలుకలు వచ్చాయి. నలిగిన కాగితంలా ఉన్న రెక్కలు మెల్లగా సాగి ఆరేదాకా ఎవరూ కదల్లేదు. మూడోది గోధుమ రంగుకు తిరిగింది. దానికి సన్నటి రంధ్రం పడి, నువ్వు గింజంత కూడా లేని కందిరీగలు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. ఆ సీసా చూసుకునే అమ్మాయి ఏడ్చేసింది. టీచర్ పక్కన కూర్చుని, ఏదో తల్లి కందిరీగ అందులో గుడ్లు పెట్టి ఉంటుందని, పిల్లలు లోపలే తిని పెరిగాయని చెప్పారు. "నువ్వు చూసింది చాలామంది చూడలేదమ్మా. ఎన్ని వచ్చాయో లెక్కపెట్టి రాయి" అన్నారు. ఆ అమ్మాయి కళ్ళు తుడుచుకుని లెక్కపెట్టింది. మేమంతా చుట్టూ చేరాం.

ఆ లెక్క రాసిన నోట్‌బుక్ ఇంకా ఆ అమ్మాయి దగ్గరుంటే, ఈసారి కలిసినప్పుడు తెమ్మని నా మనవి. ఆ పేజీ మరోసారి చూడాలనుంది.