పాత లారీ ఛాసిస్‌కు తుప్పును ఆపే పెయింటు: ఎంపిక, ఇంతవరకు జరిగిన పని

క్యాబిన్, ఇంజను, ఇరుసులు అన్నీ దిగిపోయి, ఛాసిస్ ఒక్కటే దిమ్మెల మీద నిలిచే దశకు పని చేరుకుంది. ఏ పెయింటు వేయాలన్నది ఇప్పుడు తేల్చవలసి వచ్చింది. డబ్బాల మీది వాగ్దానాలనూ, వాటితో వచ్చే సాంకేతిక పత్రాలనూ పక్కపక్కన పెట్టి చదివిన తరువాత నాకు స్పష్టమైన సంగతి ఏమిటంటే, ఏ పెయింటు మేలైనదని అడగడానికి ముందు ఛాసిస్‌లో ఏ భాగాన్ని ఎంత శుభ్రంగా చేయగలమని అడగాలి. బ్లాస్టింగ్ (గాలి ఒత్తిడితో గరుకు రేణువులను చిమ్మి శుభ్రం చేయడం) చేసిన ఉక్కును గట్టిగా పట్టుకునే ఎపాక్సీ పెయింటు, వదులు తుప్పు మిగిలిన చోట పెచ్చులుగా లేస్తుంది. తుప్పు గరుకును పట్టుకొని నిలిచే యురెథేన్ పెయింటు, నున్నని ఉక్కు మీద పట్టు దొరకక పొరలాగా ఊడివస్తుంది. అందువల్ల ఛాసిస్ అంతటికీ ఒకే డబ్బా సరిపోదని నిర్ణయించుకొని, సుద్దముక్కతో భాగాలను గుర్తించాను.

సి ఆకారపు రెండు పొడవాటి ఛానెళ్ల బయటి, లోపలి ముఖాలకు ఏ పనిముట్టయినా అందుతుంది. ఆ రెండు ఛానెళ్లను అడ్డంగా కలుపుతూ రివెట్లతో బిగించిన క్రాస్ మెంబర్ల చివరలు, కమాను పట్టీల బ్రాకెట్ల వెనుక భాగాలు మాత్రం వేరు. అక్కడ రెండు పలకలు ఒకదానినొకటి ఆనుకొని ఉంటాయి, మధ్యలోని తుప్పు చేతికి అందదు. తుప్పు తాను తిన్న ఇనుము కంటే కొన్ని రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కనుక, ఆ ఒత్తిడికి పలకలు ఉబ్బి, రివెట్లు సైతం సాగిపోతాయి. ఇక పెట్టెలాగా మూసి ఉన్న క్రాస్ మెంబర్ లోపలి గోడలకు బ్రష్షు కూడా చేరదు.

శుభ్రం చేసే పనిని కొంత వివరంగా రాయడం అవసరం, ఎందుకంటే పెయింటు ఆయుష్షు చాలావరకు ఇక్కడే నిర్ణయమవుతుంది. బ్లాస్టింగ్‌కు ముందే గ్రీజు, నూనె జిడ్డు పూర్తిగా కడిగివేయాలి. లేకపోతే రేణువులు ఆ జిడ్డును ఉక్కు గరుకులోనికే దింపుతాయి. ఇసుకకు బదులు గార్నెట్ అనే ఖనిజపు రేణువులు వాడించాను, ఇసుకలోని సిలికా ధూళి సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బుకు కారణమవుతుంది కనుక. పాత ఛాసిస్‌ల మీది ఎర్రని ప్రైమర్‌లో సీసం ఉండే అవకాశం ఉన్నందున, పరీక్షించేంతవరకు దానిని పొడిగా గ్రైండ్ చేయకూడదు. చెక్కి ఉన్న ఛాసిస్ నంబరు మీద మందపాటి టేపు, దాని మీద రేకు ముక్క ఉంచి కాపాడాను. ఆ అంకెలు అరిగిపోతే బండి గుర్తింపే చిక్కులో పడుతుంది.

ఉక్కు ఎంత శుభ్రపడిందో చెప్పే ఐఎస్ఓ 8501-1 అనే అంతర్జాతీయ ప్రమాణంలో ఎస్ఎ 2½ అనే స్థాయి వరకు బ్లాస్టింగ్ జరిగింది. అంటే తుప్పు, పాత పెయింటు, మిల్లు పొర (ఉక్కు తయారీలో ఏర్పడే ఆక్సైడ్ పొర) పోయి, చుక్కలుగానో చారలుగానో లేత మరకలు మాత్రమే మిగలాలి. గ్రైండరుకు బిగించిన వైర్ బ్రష్షుతో కూడా ఉక్కు మెరుస్తుంది కాని, ఆ మెరుపును నమ్మరాదు. అది గుంతలలోని తుప్పును పాలిష్ చేసి వదిలేస్తుంది, పెయింటుకు కావలసిన గరుకును ఇవ్వదు. బ్లాస్టింగ్ తరువాత ఉక్కు తేమను పీల్చి త్వరగా ఎరుపెక్కుతుంది కాబట్టి ప్రైమర్‌ను అదే రోజు వేయాలి. పూసే సమయానికి ఉక్కు ఉష్ణోగ్రత మంచుబిందు స్థానం (గాలిలోని తేమ నీటి చుక్కలుగా మారే ఉష్ణోగ్రత) కంటే కనీసం 3 డిగ్రీలు పైన ఉండాలనీ, గాలిలో తేమ 85 శాతం దాటకూడదనీ సాంకేతిక పత్రాలు సాధారణంగా చెబుతాయి. ఈ నియమం కోసం ఒక తెల్లవారుజాము పనిని మధ్యాహ్నానికి మార్చుకున్నాను.

పెయింట్ల విషయంలో మొదట ఆకర్షించినది జింక్ ప్రైమర్. జింక్ తాను కరుగుతూ ఉక్కును కాపాడుతుంది, గీత పడిన చోట కూడా ఆ రక్షణ కొంత కొనసాగుతుంది. అయితే ఎండిన పొరలో జింక్ పొడి చాలా ఎక్కువ మోతాదులో ఉండి, రేణువులు ఒకదానికొకటీ, ఉక్కుకూ తగులుతూ ఉంటేనే ఆ ప్రయోజనం దక్కుతుంది. ఉక్కును తుప్పు నుంచి కాపాడే పెయింట్ల ప్రమాణం ఐఎస్ఓ 12944 ఈ మోతాదును ఎండిన పొర బరువులో కనీసం 80 శాతంగా చెబుతుంది. తుప్పు మీద వేస్తే ఆ స్పర్శ ఉండదు కనుక, జింక్ అని రాసి ఉన్న ప్రతి స్ప్రే డబ్బానూ ఒకే గాటన కట్టకూడదు. జింక్ మీద నేరుగా ఆల్కిడ్ ఎనామెల్ (నూనె కలిసిన మామూలు పెయింటు) వేస్తే, కాలక్రమంలో ఎనామెల్‌లోని నూనె సబ్బుగా మారి పొర ఊడిపోతుంది. ఈ కారణాలతో జింక్‌ను బోల్టులతో బిగించే బ్రాకెట్ల ఆనుకునే ముఖాలకే, పలుచగా, పరిమితం చేశాను. అక్కడ మందపాటి పెయింటు ఉంటే ఒత్తిడికి అది నలిగి, బోల్టు బిగువు తగ్గుతుంది.

పొడిని చల్లి వేడితో కరిగించే పౌడర్ కోటింగ్ అందంగా ఉంటుంది కాని, రాయి తగిలి చిట్లిన చోట నీరు పొర కిందికి పాకుతుంది, ఇంట్లో సరిచేయడం కష్టం. వేడి గాల్వనైజింగ్‌లో సుమారు 450 డిగ్రీల కరిగిన జింక్‌లో ముంచుతారు; రివెట్ల సందులు, మూసిన పెట్టెలు ఉన్న ఛాసిస్‌ను అందులోకి పంపే ధైర్యం నాకు లేదు. నల్లని ఆల్కిడ్ ఛాసిస్ పెయింటు బ్రష్షుకు ఎంతో అనువైనదే అయినా బ్రేక్ ఫ్లూయిడ్ తగిలితే మెత్తబడుతుంది. తీసివేసిన బ్రాకెట్ నుంచి కోసిన ముక్కల మీద వేర్వేరు పూతలు వేసి, గుణకారపు గుర్తు గీసి, ఉప్పునీటిలో తడుపుతూ ఆరబెడుతూ చూసినప్పుడు గీత వెంట ఎక్కువగా ఉబ్బినది కూడా ఇదే.

చివరకు ఛానెళ్ల ముఖాలకు రెండు భాగాల ఎపాక్సీ ప్రైమర్‌ను ఎంచుకున్నాను. ఒక్కొక్క పొర ఎండిన మందం 75 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉండాలి. నా డబ్బాలో ఘనపదార్థం ఘనపరిమాణంలో 60 శాతం కనుక తడి మందం 125 మైక్రాన్లు. పదో వంతు థిన్నర్ కలిపితే అది సుమారు 138 అవుతుంది. తడి పొర దువ్వెనతో దీనిని వేస్తున్నప్పుడే కొలవవచ్చు. ఘనపదార్థ శాతాన్ని పదితో హెచ్చించి మైక్రాన్లతో భాగిస్తే లీటరుకు ఎన్ని చదరపు మీటర్లు వస్తుందో తెలుస్తుంది: ఇక్కడ 8. ఛానెల్ నడుమ పలక 200 మిల్లీమీటర్లు, రెక్కలు చెరి 65, పొడవు 6 మీటర్లు. రెండు వైపులా లెక్కిస్తే రెండు ఛానెళ్లకు దాదాపు 8 చదరపు మీటర్లు, క్రాస్ మెంబర్లతో కలిపి 10. వృథా 30 శాతం అనుకుంటే పొరకు 1.8 లీటర్లు కావాలి.

తడి పెయింటు పదునైన అంచుల నుంచి వెనక్కి లాగుకుంటుంది. అందుకే అంచులను గరుకు కాగితంతో గుండ్రం చేసి, రంధ్రాల చుట్టూ, రివెట్ల తలల మీద ముందుగా బ్రష్షుతో ఒక అదనపు పూత వేసి, ఆ తరువాతనే పూర్తి పొర వేశాను. మొదటి పొర ఎరుపు, రెండవది బూడిద రంగు. ఎక్కడైనా వదిలేస్తే కంటికి వెంటనే కనిపిస్తుంది.

పలకలు కలిసే సందుల దగ్గర నిర్ణయం కష్టమైంది. టానిక్ ఆమ్లంతో పనిచేసే రస్ట్ కన్వర్టర్ పైపొరను నల్లగా మారుస్తుంది కాని మందపాటి తుప్పు లోపలికి చేరదు, మిగిలిన ఆమ్లంతో ఎపాక్సీకి పొసగదు. అందువల్ల వదులు తుప్పును గీకి, ఊది, కడిగి పూర్తిగా ఆరబెట్టిన తరువాత, గాలిలోని తేమతో గట్టిపడే యురెథేన్‌ను సందులోనికి ఇంకేలా బ్రష్షుతో పోశాను. చుట్టూ ఉన్న ఎపాక్సీని గీరి దాని మీదికి కొద్దిగా ఎక్కించాను. ఇందులో ఊపిరితిత్తులకు హాని చేసే ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఉంటాయి కనుక స్ప్రే చేయలేదు, గాలి ఆడే చోట చేతి తొడుగులతోనే పనిచేశాను. డబ్బా మూత కింద ప్లాస్టిక్ కాగితం పెట్టకపోతే మూత మళ్లీ ఊడిరాదు. సందు పైభాగాన్నీ పక్కలనూ సీలెంటుతో మూసి, కింది అంచును నీరు జారడానికి తెరిచే ఉంచాను.

బూడిద పొర పూర్తయింది. దాని మీద నల్లని పాలియురెథేన్ టాప్ కోట్ రావాలి, ఎండకు ఎపాక్సీ సుద్దలాగా పొడి రాలుతుంది కనుక. డబ్బా చెప్పిన మళ్లీ పూసే గడువు దాటితే ముందుగా గరుకు కాగితంతో రుద్దాలి. బ్యాటరీ ఎర్త్ తీగ బిగించే చోట్లకు టేపు వేసి ఉంచాను. పెట్టె క్రాస్ మెంబర్ లోపల మైనం కొట్టడం అన్నిటికంటే ఆఖరు పని, దాని మీద మరే పెయింటూ అంటదు. సన్నని గొట్టానికి చుట్టూ చిమ్మే నాజిల్ తగిలించి కొట్టిన తరువాత, అడుగున నీరు కారే రంధ్రాలను తీగతో తిరిగి తెరవాలి.