బావగారూ, బుడమేరూ

మా బావగారితో నేను వాదించని విషయం లేదు. ఉలవచారులో మీగడ వేసుకోవచ్చా అన్న దాని మీదే ఇరవై ఏళ్లుగా నడుస్తోంది. వేసుకుంటే అది ఉలవచారు కాదని నా మాట. ముప్పై ఏళ్లు హైస్కూల్లో సోషల్ చెప్పినదాన్ని కదా, తప్పు వినబడితే నోరు ఊరుకోదు.

కానీ 2024 సెప్టెంబరు వరదలప్పుడు ఆయనతో పెట్టుకున్న వాదన గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

అక్కావాళ్ల ఇల్లు విజయవాడ సింగ్‌నగర్‌లో. పైన వాళ్లుంటారు, కింద వాటాలో ఒక టైలర్ కుటుంబం. ఆ ఆదివారం నీళ్లు కింద వాటాలోకొచ్చి, చూస్తుండగానే కిటికీలు ముంచేశాయి. టైలర్, భార్య, ఇద్దరు పిల్లలు మేడెక్కేశారు. మూడు మిషన్లు, దసరాకి కుట్టాల్సిన జాకెట్ ముక్కలు కిందే ఉండిపోయాయి. నేనేమో గుంటూరులో, బ్రాడీపేటలో, పొడిగా కూర్చుని టీవీ చూస్తున్నాను.

రాత్రి ఫోన్ చేస్తే బావగారు, "ప్రకాశం బ్యారేజీ గేట్లెత్తి మమ్మల్ని ముంచేశారమ్మా" అన్నారు. నేను ఊరుకోవచ్చుగా! "గేట్లెత్తితే నీళ్లు దిగువకి పోతాయి గానీ మీ ఇంటికెందుకొస్తాయి బావగారూ? అది కృష్ణ కాదు, బుడమేరు" అని మొదలుపెట్టాను. మైలవరం వైపు పుట్టి కొల్లేట్లో కలిసే వాగు, వెలగలేరు దగ్గర దాన్ని కృష్ణలోకి మళ్లించడం, డైవర్షన్ ఛానల్ కట్టకు గండ్లు... పాఠమంతా చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, "ఫోన్లో పద్దెనిమిది శాతమే ఉందమ్మా, పెట్టేస్తాను" అన్నారు.

మంగళవారం పడవలో బయటపడి మా ఇంటికొచ్చారు. భోజనాల దగ్గర మళ్లీ అదే గొడవ. కాగితం తెచ్చి మ్యాప్ గీసి చూపించబోయాను. గీస్తుంటే నాకే తట్టింది. ఆ ఛానల్ కృష్ణలో కలిసేది బ్యారేజీకి ఎగువన. ఆ వరదలో బ్యారేజీ దగ్గర ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. నది అంత నిండుగా ఉంటే ఛానల్లో నీళ్లు ఎగదన్నక ఏం చేస్తాయి? అంటే కృష్ణ పాత్ర అసలు లేదనడానికి లేదు. ఆ ముక్క నేను బావగారికి చెప్పలేదు. కాగితం మడిచి సొరుగులో పెట్టేశాను.

ఆయన అసలు వాదన తర్వాత మొదలైంది, నాతో కాదు. మునిగిన ఇళ్లకు ప్రభుత్వం సాయం ప్రకటించింది, కింది అంతస్తుకి 25,000, పై అంతస్తుకి 10,000. జాబితాలో బావగారి పేరుంది, టైలర్ పేరు లేదు. అతని ఆధార్ తిరువూరు అడ్రసుతో ఉంది, కరెంటు మీటరేమో బావగారి పేరు మీద. ఇక ఆఫీసు చుట్టూ తిరగడం. "మీ డబ్బు మీకొచ్చిందిగా, మీకెందుకండీ?" అన్నారట అక్కడ. హోటల్లో చట్నీ అయిపోయిందంటే ఉత్త ఇడ్లీ తినొచ్చే మనిషి ఆ రోజు కౌంటర్ దగ్గర గొంతు చించుకున్నారని అక్క చెప్పింది. తొమ్మిది రోజులు తిరిగారు. గోడ మీద బురద గీతకి టేపు పెట్టి తీసిన ఫొటో, అద్దె రాసుకునే నోటుబుక్కు, పిల్లల బడి నుంచి రాయించుకొచ్చిన కాగితం, అన్నీ ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని.

అర్జీ మాత్రం నన్ను రాయమన్నారు. రాశాను, రెండు పేజీలు. మొదటి పేజీ మొత్తం బుడమేరు పుట్టుపూర్వోత్తరాలే. బావగారు చదివి, పెన్ను తీసుకుని ఆ పేజీకి అడ్డంగా గీత కొట్టారు. "ఇంటి నంబరు, అతని పేరు, ఎన్నేళ్లుగా ఉంటున్నాడో రాయమ్మా, నాలుగు లైన్లు చాలు."

డబ్బులు పడ్డాయి. ఒక మిషను బాగుచేయించుకున్నాడు, ఇంకోటి సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాడు.

సంక్రాంతికి అక్కావాళ్లింటికి వెళ్తే ఆ టైలరు నాకు జాకెట్ కుట్టిచ్చాడు. అర్జీ రాసిన మేడంగారని కూలి తీసుకోనన్నాడు. చేతులు బిగుతు. చెయ్యెత్తితే కుట్లు పట్లిపోయేలా ఉన్నాయి. "సరిపోయిందా అమ్మా?" అని గుమ్మం దగ్గర నిలబడి అడిగితే, "చక్కగా ఉంది బాబూ" అన్నాను.

లోపలికొచ్చేసరికి బావగారు ఉలవచారులో మీగడ వేసుకుంటున్నారు. దాని మీద మాత్రం ఊరుకోలేకపోయాను.