మా పొయ్యి గొట్టంలో గాలి లీకు ఎక్కడుందో ఎలా దొరికిందంటే

ఒడిశా కొండల్లో ఉన్న మా సిమిలిగుడ చలి తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు, సాలూరులో బస్సెక్కి సుంకి ఘాట్ దాటి పొట్టంగి వచ్చేసరికే బేగ్‌లోంచి స్వెటర్ బయటికొచ్చేస్తుంది. మా ఇంట్లో గేస్ ఉన్నా చలికాలమంతా వంట, స్నానాలకి నీళ్లు అన్నీ మట్టి పొయ్యి మీదే, దానికి రేకు గొట్టం పెట్టి గోడలోంచి బయటికి తీశాం. గొట్టం ఉండి కూడా పొగంతా ఇంట్లోకే. అమ్మకి పొద్దున్నే దగ్గు, కళ్లమ్మట నీళ్లు, మధ్యాహ్నానికి తలనొప్పి. కర్రలు పచ్చివనుకుని ఎండువి తెప్పించాం, అయినా అదే పొగ.

పొగ కనిపించే చోటే వెతికాను ముందు, పొయ్యి నోటి పక్కన రెండు బీటలుంటే పూడ్చాను, ఏం తగ్గలేదు. తర్వాత అర్థమైంది ఏటంటే, గొట్టానికి కన్నం పడితే అందులోంచి పొగ బయటికి రాదు, గదిలో గాలే లోపలికి పోతుంది. వేడి పొగ తేలిక కదా, పైకిపోతూ కిందనుంచి గాలిని లాగుతుంది, ఆ లాగుడు మీదే పొయ్యి మండుతుంది. మధ్యలో చల్లగాలి దూరితే పొగ చల్లారి లాగుడు పడిపోతుంది, ఇంక పొగకి దారి పొయ్యి నోరే. అంటే లీకు ఒకచోట, పొగ ఇంకోచోట! ఇది తెలీక రెండు చలికాలాలు అమ్మచేత ఆ పొగ పీల్పించాం, తలుచుకుంటే ఇప్పటికీ బాధే.

పొయ్యి చల్లారాక రాత్రి లైట్లన్నీ ఆపేసి లోపల టార్చ్ పెడితే బీటలున్నచోటల్లా వెలుతురు సన్నగా గీతల్లా బయటపడింది. గొట్టానికి మాత్రం పొయ్యి మండుతున్నప్పుడే చూడాలి, అగరబత్తి వెలిగించి అతుకుల చుట్టూ మెల్లగా తిప్పాను, వంపు తిరిగేచోట దాని పొగ సర్రున లోపలికి పోయింది. మసి తీసే మూత దగ్గరా అంతే.

మట్టి పని అమ్మ దగ్గరే నేర్చుకున్నా. "వట్టి మన్నెట్టకురా, ఆరేసరికి మళ్లీ బీటలు తీసేస్తాది" అంది. పుట్టమన్నులో ఇసక, ఊక, కాస్త పేడ వేసి రాత్రంతా నాననిచ్చాం. బీటని గీకి వెడల్పు చేసి, నీళ్లతో తడిపి, అప్పుడు కూరాలి, పొడి మట్టి మీద కొత్త మట్టి పట్టదు. నాలుగు రోజులు మంట పెట్టకుండా ఆరనిచ్చాం, సన్నటి బీటలు మళ్లీ వస్తే అలికేశాం.

గొట్టం అతుక్కి సందులు మూసే మామూలు సిలికాన్ గమ్ము పెట్టకండి, నేను పెడితే మాడి కంపుకొట్టి ఊడిపోయింది. హార్డ్‌వేర్ షాపులో ఆస్బెస్టాస్ తాడు ఇస్తానన్నారు, దాని నూగు ఊపిరితిత్తుల్లోకి పోతే చాలా ప్రమాదం, వద్దని గ్లాస్ ఫైబర్ తాడు తెచ్చి చుట్టి, పైన ఫైర్ క్లే, అంటే మంట వేడికి తట్టుకునే మట్టి, ముద్దచేసి పూశా. ఇంకోటి, పై గొట్టం చివర కింది గొట్టం లోపలికి దిగాలి, లేకపోతే జిగురు మసి బయటికి కారుతుంది.

లీకులు మూశాం కదాని చలికి కిటికీలన్నీ బిగించేయకండి. మంటకి గాలి చాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది, దానికి రంగుండదు, వాసనుండదు, నిద్రలోనే ప్రాణం తీసేస్తుంది. నిప్పుల కుంపటి అయితే తలుపులేసుకున్న గదిలో అస్సలు పెట్టొద్దు. మేం వంటింటి పైకిటికీ ఎప్పుడూ కొంచెం తీసే ఉంచుతాం.

అమ్మకి పొద్దుటి దగ్గు బాగా తగ్గింది, కర్రలు కూడా తక్కువ అవుతున్నాయి. గొట్టం గోడలోంచి బయటికెళ్లే చోట మాత్రం పెచ్చు ఊడి సందుంది, ఆదివారం ఆ పని చూడాలి.