డిసెంబరు బండి, జనవరి బండి

2019 జనవరి మొదటి వారంలో కొన్న మా పాత కారును 2024 నవంబరులో అమ్మకానికి పెట్టినప్పుడు, చూడవచ్చిన వ్యక్తి బండి చుట్టూ ఒకసారి తిరిగి, ఆర్సీ చేతిలోకి తీసుకుని, "ఇది 2018 బండి కదా సార్" అన్నాడు. నేను 2019లో కొన్నానని చెప్పాను. ఆయన రిజిస్ట్రేషన్ తేదీని వదిలి, తయారీ నెల, సంవత్సరం రాసి ఉన్న గడి మీద వేలు పెట్టి చూపించాడు. అక్కడ 2018 ఫిబ్రవరి అని ఉంది. అంటే ఫ్యాక్టరీ నుంచి బయటికి వచ్చి దాదాపు పదకొండు నెలలు ఎక్కడో నిలిచిపోయిన బండిని నేను కొత్త సంవత్సరపు బండి అనుకుని ఇంటికి తెచ్చుకున్నాను. ఆ ఒక్క అంకె కారణంగా బేరంలో నలభై వేలు తగ్గాయి. కొన్ననాడు డీలరు నాకిచ్చిన రాయితీ పదిహేను వేలు మాత్రమే. పాత సంవత్సరపు సరుకు అన్న మాట అప్పుడు నాకెవరూ చెప్పలేదు, అడగాలని నాకూ తెలియదు. మరుసటి నెలలోనే కొత్త కారు కోసం షోరూముల చుట్టూ తిరగవలసి వచ్చినప్పుడు, ఈసారి లెక్క చూసుకునే సంతకం పెట్టాలని నిశ్చయించుకున్నాను.

ముందుగా ఒక తేడా చెప్పుకోవాలి. డాలస్‌లో ఉండే మా పెద్దనాన్నగారి అబ్బాయి తన కారు 2025 మోడల్ అన్నాడు, కొన్నది మాత్రం 2024 అక్టోబరులో. అమెరికాలో తర్వాతి ఏడాది పేరుతో వచ్చే మోడళ్లు శరదృతువుకే దుకాణాల్లోకి దిగుతాయి, దాంతో పాత మోడళ్ల మీద ధరలు తగ్గుతాయి. బండి తయారైన సంవత్సరం, మోడల్ సంవత్సరం అక్కడ ఒకటి కానక్కర్లేదు. మన దగ్గర ఆ పద్ధతి లేదు. పాత బండి కొనేవాడు చూసేది తయారైన క్యాలెండరు సంవత్సరాన్నే. డిసెంబరు 31న తయారైన బండి మర్నాటికే నిరుటి బండి అవుతుంది. కాబట్టి అక్కడి సలహాలను యథాతథంగా ఇక్కడ పాటించి లాభం లేదు.

డిసెంబరులో రాయితీలు ఎందుకు పెరుగుతాయో తెలిస్తే బేరం సులువవుతుంది. డీలరు కంపెనీ దగ్గర బండ్లను ముందే కొంటాడు, అందులో ఎక్కువ భాగం అప్పు మీదనే. యార్డులో నిలబడిన ప్రతి బండికీ రోజూ వడ్డీ నడుస్తూనే ఉంటుంది. దానికి తోడు కంపెనీ పెట్టే నెలవారీ లక్ష్యాలు, వాటిని అందుకుంటే వచ్చే ప్రోత్సాహకాలు ఉంటాయి. అందుకే నెలాఖరు వారంలో మాట మెత్తబడుతుంది, త్రైమాసికం చివర మరికొంత మెత్తబడుతుంది, ఏడాది చివరికి వచ్చేసరికి ఆ సంవత్సరపు అంకె మోస్తున్న బండ్లన్నిటినీ వదిలించుకోవాలన్న తొందర వాటన్నిటికీ తోడవుతుంది. ఇంకో పక్క, జనవరి నుంచి ధరలు పెంచుతున్నామని కంపెనీలు డిసెంబరులోనే ప్రకటించడం మనకు అలవాటైన సంగతే. "సార్, ఒకటో తారీఖు నుంచి రేట్లు పెరుగుతున్నాయి" అన్న మాటలో అబద్ధం లేదు. అయితే ఆ తొందరలో కొనేవాడు తయారీ నెల అడగడం మరిచిపోతాడు. 2019లో నేనూ అడగలేదు.

2024 డిసెంబరు మొదటి వారంలో నేను చూసిన చిన్న పెట్రోలు కారు ఎక్స్-షోరూం ధర, అంటే రిజిస్ట్రేషను, బీమా కలపని ధర, 8,60,000. ఆ ఏడాది మార్చిలో తయారైన బండికి 55,000 తగ్గిస్తామన్నారు. అదే రంగులో అక్టోబరులో తయారైన బండి కూడా ఉంది, దానికి 30,000 మాత్రమే. జనవరి దాకా ఆగి 2025లో తయారైన బండి తీసుకుంటే రాయితీ ఉండదు, పైగా ధర సుమారు 17,000 పెరుగుతుంది. అంటే మార్చి బండికీ జనవరి బండికీ మధ్య తేడా 72,000. ఐదేళ్ల తర్వాత అమ్మితే తయారీ సంవత్సరం వల్ల నేను పోగొట్టుకునేది, మొన్నటి అనుభవాన్ని బట్టి, ఒక నలభై వేలు. ఈ లెక్కలో పాత సంవత్సరపు బండిదే పైచేయి. పదేళ్లు వాడేవారికి ఆ పైచేయి ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే అంత పాతబడిన బండిలో కొనేవాడు చూసేది నడిచిన కిలోమీటర్లను, ఇంజను స్థితిని. రెండు మూడేళ్లకోసారి బండి మార్చే అలవాటున్నవారు మాత్రం జనవరి దాకా ఆగాలి. వారికి ఆ అంకె విలువ చాలా ఎక్కువ.

ఇక మిగిలింది మార్చి బండా, అక్టోబరు బండా అన్నదే. కాగితం మీద రెండూ 2024 బండ్లే, అమ్మేనాడు రెండింటికీ తేడా ఉండదు. తేడా ఉన్నది బండి ఒంట్లో. అందుకే డబ్బు కట్టకముందే బండిని చూపించమని అడిగి, నగర శివారులోని వారి యార్డుకు వెళ్లాను. టైరు పక్కభాగం మీద నాలుగంకెల గుర్తు ఒకటి ఉంటుంది, అందులో మొదటి రెండంకెలు వారాన్ని, చివరి రెండు సంవత్సరాన్ని తెలుపుతాయి. మార్చి బండి టైర్ల మీద 0924 అని ఉంది. హైదరాబాదు ఎండాకాలమంతా ఆ బండి పైన నీడ లేకుండా నిలబడింది. తాళం తిప్పితే స్టార్టు కాలేదు, ఇంకో బ్యాటరీ తెచ్చి తీగలు కలిపాక గాని ఇంజను కదలలేదు. కొత్త బ్యాటరీ వేసి ఇస్తే తీసుకుంటానన్నాను. ఛార్జింగు పెడితే సరిపోతుందని వారు, చాలదని నేను. చివరికి అక్టోబరు బండికే రాయితీ 35,000 చేయించుకుని ఒప్పుకున్నాను. ఇరవై వేలు వదులుకున్నానని ఆ రోజు ఇంట్లో అనుకున్నారు గాని, ఎండకు ఎండిన రబ్బరునూ, ఒకసారి పూర్తిగా దిగిపోయిన బ్యాటరీనీ ఇరవై వేలకు నేను కొనలేను.

అందరూ యార్డు దాకా వెళ్లలేకపోవచ్చు. కనీసం ఛాసిస్ నంబరు, అంటే ఆ ఒక్క బండికే ఉండే గుర్తింపు నంబరు, అడిగి తీసుకోవాలి. పదిహేడు అక్షరాలూ అంకెలూ కలిసిన ఆ నంబరులో ఐ, ఓ, క్యూ అక్షరాలు వాడరు. చాలా కంపెనీలు పదో స్థానంలో సంవత్సరానికి గుర్తు పెడతాయి: 2024కు ఆర్, 2025కు ఎస్, 2026కు టీ. అన్ని కంపెనీలకూ ఈ పద్ధతి ఒకేలా వర్తించదు కాబట్టి, డీలరు ఇచ్చే అమ్మకపు ధ్రువపత్రమైన ఫారం 21లో తయారీ నెల, సంవత్సరం చూడటమే నమ్మదగిన దారి. అది చూశాకే మిగతా మొత్తం చెల్లించాలి.

ముహూర్తం సంగతి కూడా చెప్పాలి, మన ఇళ్లలో అది లేకుండా బండి కొనడం ఉండదు. ఆ ఏడాది ధనుర్మాసం డిసెంబరు 16న మొదలైంది. రాయితీలు బాగా పెరిగే చివరి రెండు వారాలూ సరిగ్గా అందులోనే పడతాయి. "ధనుర్మాసంలో కొత్త బండి తేవద్దు నాయనా" అని అమ్మ అన్నది. నెలాఖరు దాకా ఆగితే ఇంకో పది వేలు తగ్గేవేమో. కానీ అమ్మ మనసు కష్టపెట్టి ఆ పది వేలు మిగుల్చుకోవాలని నాకు అనిపించలేదు. డిసెంబరు 13, శుక్రవారం నాడు బండి ఇంటికి వచ్చింది. ఇలాంటి పట్టింపు లేనివారికి ఆషాఢం, పితృపక్షం, ధనుర్మాసం మూడూ మంచి బేరం కుదిరే రోజులు. షోరూములో జనం పలచగా ఉంటారు, అమ్మేవారికి మనతో మాట్లాడే తీరిక దొరుకుతుంది.

కొత్త తరం మోడల్ రాబోతున్నప్పుడు పాతదాని మీద ఇచ్చే రాయితీ విషయంలో మాత్రం నా అభిప్రాయం వేరు. 2024 నవంబరు 11న మారుతీ కొత్త డిజైర్ వచ్చింది. ప్రారంభ ధర 6.79 లక్షలు, ఆ ధర డిసెంబరు 31 వరకే. అన్ని వేరియంట్లలోనూ ఆరు ఎయిర్‌బ్యాగులు ఇచ్చారు, కార్లను గుద్దించి భద్రతను కొలిచే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ పరీక్షలో పెద్దల భద్రతకు ఐదు నక్షత్రాలు వచ్చాయి. అంతకుముందు తరంలో రెండే ఎయిర్‌బ్యాగులు. అక్టోబరులో రాయితీ చూసి పాతది తీసుకున్నవారికి డబ్బు మిగిలే ఉంటుంది. కానీ పిల్లల్ని వెనక కూర్చోబెట్టుకుని హైవే మీద వెళ్లే బండికి భద్రతలో అంత తేడా వస్తుందని తెలిసినప్పుడు, నెల రోజులు ఆగడమే సరైన పని. బంపరు, దీపాలు, తెర మాత్రమే మారే ఫేస్‌లిఫ్టు అయితే నిశ్చింతగా పాతదే తీసుకోవచ్చు.

మనం ఎంత లెక్క వేసుకున్నా ప్రభుత్వ నిర్ణయం ఒక్కటి వాటన్నిటినీ మార్చగలదు. 2025 ఆగస్టు 15న ప్రధాని జీఎస్టీ తగ్గింపు గురించి చెప్పారు, సెప్టెంబరు 3న మండలి నిర్ణయం తీసుకుంది, 22 నుంచి అమలైంది. నాలుగు మీటర్ల లోపు పొడవు, 1,200 సీసీ లోపు ఇంజను ఉన్న పెట్రోలు కార్లపై సెస్సుతో కలిపి 29 శాతం ఉన్న పన్ను 18 శాతమైంది. 8,60,000 ధర ఉన్న బండికి పన్ను భాగం తీసి కొత్త రేటు వేస్తే సుమారు 7,86,700 అవుతుంది. నేను కొని పది నెలలు కాకుండానే, నాకు దొరికిన రాయితీకి రెట్టింపు పైన తగ్గింది. బాధ కలిగింది. అయితే 2024 డిసెంబరులో అది ఊహించగలిగినది కాదు.

ఆ తగ్గింపు మా బావమరిదికి కలిసొచ్చింది. అతను ఎంచుకున్న బండి పాత ధర 10,40,000. కొత్త పన్నుతో అది 9,51,000 చిల్లరకు వచ్చింది. పది లక్షల గీత దాటి కిందికి రావడంతో తెలంగాణలో జీవితకాల పన్ను కూడా తగ్గి 14 శాతానికి మారింది, అంటే సుమారు 1,33,000. పది లక్షలు దాటిన బండ్లపై అమ్మేటప్పుడే వసూలు చేసే ఒక శాతం పన్ను (టీసీఎస్) కూడా తప్పింది. ఆ ఏడాది సెప్టెంబరు 8 నుంచి 21 దాకా పితృపక్షం కావడంతో ఎలాగూ ఎవరూ బండి తెచ్చుకోని రోజులు గడిచాయి. నవరాత్రుల మొదటి రోజే కొత్త పన్ను మొదలైంది. షోరూములో నిలబడే చోటు లేదు, రాయితీ అడిగే పరిస్థితి అసలే లేదు. అయినా డబ్బు కట్టేముందు అతను ఛాసిస్ నంబరు నాకు పంపించాడు, పదో అక్షరం ఎస్. ఫారం 21 చేతికి వచ్చాక ఫోను చేసి, "బావా, ఆగస్టు 2025" అన్నాడు. అప్పుడు కట్టమన్నాను.