కర్బన కడ్డీల నుంచి నికెల్ పట్టీలకు: ఇంట్లో హైడ్రోజన్ తయారీ

నీటిని విడగొట్టే నా చిన్న పరికరంలో ఇప్పుడు రెండు ధ్రువాలకూ నికెల్ పట్టీలే ఉన్నాయి. గాజు గిన్నెలో అర లీటరు నీళ్లు, రెండు చెంచాల చాకలి సోడా, నీళ్లు నింపి బోర్లించిన రెండు పరీక్షనాళికలు, 12 వోల్టుల అడాప్టరు, మల్టీమీటరు: సరంజామా ఇంతే. నీటిలో విద్యుత్తు బాగా పారేందుకు వేసే సోడాకు బదులు ఉప్పు వేస్తే ధన ధ్రువం దగ్గర క్లోరిన్ వెలువడుతుంది. స్టీలు చెంచాలను ధ్రువాలుగా వాడితే విషపూరితమైన క్రోమియం లవణాలు నీటిలో చేరతాయి. రెండూ వద్దు.

నీటి అణువులో రెండు హైడ్రోజన్ పరమాణువులకు ఒక ఆక్సిజన్ పరమాణువు ఉంటుంది కనుక వాయువుల ఘనపరిమాణాలు 2:1 నిష్పత్తిలో రావాలి. అయితే పాత టార్చి సెల్లుల్లోంచి తీసిన కర్బన కడ్డీలతో ఆక్సిజన్ ఎప్పుడూ సగానికి బాగా తక్కువగానే వచ్చేది. గిన్నె అడుగున పేరుకున్న నల్లని నుసిని చూశాక కారణం బోధపడింది: పుట్టిన ఆక్సిజన్‌లో కొంత భాగం కడ్డీనే తినేసి, కార్బన్ డయాక్సైడ్‌గా మారి సోడా నీటిలో కలిసిపోతోంది. నికెల్ పెట్టాక నుసి లేదు, నిష్పత్తి కూడా రెండుకు ఒకటికి చాలా దగ్గరగా వస్తోంది. మిగిలిన కాస్త తేడా నీటిలో కరిగే ఆక్సిజన్‌ది.

బ్యాటరీ ప్యాకులకు వాడే పట్టీల్లో నికెల్ పూత పూసిన ఇనుపవే ఎక్కువ. నికెల్ కూడా అయస్కాంతానికి అంటుకుంటుంది కనుక ఆ పరీక్ష దండగ. పట్టీని గీకి ఒక రాత్రి ఉప్పునీటిలో ఉంచితే, ఇనుపదైతే గీత వెంబడి తుప్పు తేలుతుంది.

పట్టీలు మునిగే పొడవును సరిచేసి విద్యుత్తును 200 మిల్లీ ఆంపియర్ల దగ్గర నిలిపితే, పారిన విద్యుత్తును బట్టి ఎంత వాయువు రావాలో చెప్పే ఫారడే సూత్రం ప్రకారం 10 నిమిషాలకు సుమారు 15 మిల్లీలీటర్ల హైడ్రోజన్ రావాలి. నాళిక దాదాపు అంతే నిండుతోంది. దీనికి ఖర్చయ్యే నీరు ఒక చుక్కలో ఐదో వంతు మాత్రమే!

కిటికీలు తెరిచి, అడాప్టరు ఆపి, నాళికను గిన్నెకు దూరంగా తీసుకెళ్లి, మూతి కిందికే ఉంచి అగ్గిపుల్ల చూపిస్తే స్వచ్ఛమైన హైడ్రోజన్ మెత్తగా "టుప్" అని అంటుకుంటుంది. గాలి కలిస్తే కీచుమని మొరుగుతుంది. మంటలో కనిపించే పసుపు రంగు హైడ్రోజన్‌ది కాదు, మూతికి అంటిన సోడా నీటిలోని సోడియంది. రెండు వాయువులను ఒకే నాళికలో మాత్రం ఎన్నడూ పట్టకూడదు.

నాళికల స్థానంలో ముక్కు మూసిన 20 మిల్లీలీటర్ల సిరంజిలు బిగించడం తరువాతి పని. వాటి మీద గీతలు ఉంటాయి కనుక ఘనపరిమాణాన్ని నేరుగా చదువుకోవచ్చు.