లెక్కకు అందని చావులు

2021 మే నెలలో, దేవరకొండ దగ్గరి మా ఊరిలో మా పెద్దనాయన జ్వరంతో, ఆయాసంతో ఇంట్లోనే కన్నుమూశారు. పరీక్ష చేయించేలోపే ప్రాణం పోయింది కాబట్టి పంచాయతీ మరణాల రిజిస్టరులో ఆయన పేరు ఎక్కింది గాని కోవిడ్ లెక్కలోకి ఎక్కలేదు. తరువాత 50,000 రూపాయల పరిహారానికి మీసేవలో దరఖాస్తు పెట్టుకుందామంటే మా పెద్దమ్మ చేతిలో ఆ రోగం పేరున్న కాగితం ఒక్కటీ లేదు. అప్పటి నుంచి దేశాలవారీ కోవిడ్ మరణాల పట్టికలను నేను అనుమానంతోనే చదువుతున్నాను.

ఆ పట్టికల్లో నన్ను ఎక్కువగా కలవరపెట్టినది యెమెన్. 2014 నుంచి అంతర్యుద్ధంలో నలుగుతూ, ఆసుపత్రుల్లో దాదాపు సగం మూతబడి, 2016 నుంచి కలరాతో కూడా పోరాడుతున్న ఆ దేశంలో కోవిడ్ మరణాలు అధికారికంగా 2,100 పైచిలుకు మాత్రమే. మూడు కోట్లకు మించిన జనాభాలో ఇది పది లక్షలకు సుమారు 70. అదే పెరూలో పది లక్షలకు 6,000 దాటింది. ఈ రెండు అంకెలనే పక్కపక్కన పెట్టి చూసినవారికి యుద్ధమే యెమెన్ ప్రజలను కాపాడిందేమో అనిపిస్తుంది. అయితే అక్కడ రోగం నిర్ధారణ అయినవారిలో దాదాపు 18 శాతం మంది చనిపోయారు. ప్రపంచ సగటు సుమారు 1 శాతం. అంటే ఊపిరి అందని స్థితిలో ఆసుపత్రికి చేరినవారికి తప్ప మిగతావారికి పరీక్షలే జరగలేదన్నమాట. రాజధాని సనాను ఏలుతున్న తిరుగుబాటు వర్గం హౌతీలు 2020లో ఒప్పుకున్నవి 4 కేసులే. ఏడెన్ నగరంలోనైతే పరిశోధకులు ఉపగ్రహ చిత్రాల్లో శ్మశానాలను చూసి, కొత్త సమాధులను లెక్కపెట్టవలసి వచ్చింది. 2020 ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు ఆ ఒక్క నగరంలోనే మామూలుకన్నా సుమారు 2,100 ఖననాలు ఎక్కువగా జరిగాయని వారు తేల్చారు. దేశం మొత్తానికి, మహమ్మారి కాలమంతటికీ చెప్పిన లెక్క కూడా దాదాపు అంతే.

యెమెన్ జనాభాలో సగం మంది ఇరవై ఏళ్లలోపువారు గనుక అక్కడ మరణాల రేటు కొంత తక్కువగా ఉండటం సహజమే. ఆ మాట దాచకూడదు. పెరూ సంగతి వేరు. అక్కడ యుద్ధం లేదు, రికార్డులు ఉన్నాయి, వాటిని తిరగేసే నిపుణులూ ఉన్నారు. అందుకే 2021 మే చివరలో ఆ దేశం తన లెక్కను 69,000 నుంచి 1,80,000 పైకి సవరించుకుని, పట్టికలో అందరికన్నా పైన నిలబడింది.

1918 నాటి ఫ్లూ జ్వరం విషయంలోనూ ఇలాగే జరిగింది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఉన్న దేశాలు పత్రికల నోరు నొక్కగా, తటస్థంగా ఉన్న స్పెయిన్ పత్రికలు జ్వరం గురించి దాచకుండా రాశాయి. రోగానికి స్పానిష్ ఫ్లూ అని ఆ దేశం పేరే అంటుకుంది. సైనికులను మోసుకొచ్చిన ఓడలతో ఆ ఏడాది జూన్‌లో బొంబాయికి చేరిన ఆ జ్వరం మన పల్లెల దాకా పాకింది. 1911లో 1 కోటి 33 లక్షలున్న హైదరాబాద్ సంస్థాన జనాభా 1921 నాటికి 1 కోటి 24 లక్షలకు పడిపోయింది. ఆ తగ్గుదలలో ప్లేగుకు, కరువుకు కూడా వాటా ఉంది. మా ముత్తాత అన్నదమ్ములిద్దరు ఆ జ్వరానికే ఒకే వారంలో పోయారని ఇంట్లో చెప్పుకుంటారు. వాళ్ల పేర్లు మా పెద్దనాయనకు తెలుసు. ఆయన ఉండగా నేను రాసిపెట్టుకోలేదు.