అసోసియేషన్ మెయిల్‌కి ఫార్వర్డ్ స్క్రిప్టు: నా అనుభవం

బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కి ఉన్నది ఒకటే మెయిల్ ఐడీ. సబ్జెక్టులో ఏ బ్లాక్ పేరుంటే ఆ బ్లాక్ మెంబరుకి, ఏదీ లేకపోతే సెక్రటరీగారికి వెళ్ళాలి. అందరికీ ఒకేలా పంపేదైతే పోస్ట్‌ఫిక్స్ (సర్వర్‌లో మెయిల్ అందుకుని పంపే ప్రోగ్రాము) ఎలియాస్, అంటే ఈ ఐడీ మెయిల్ ఎవరికి పోవాలో చెప్పే ఒక్క లైను చాలు, స్క్రిప్టు జోలికి పోవద్దు. ఇలా విడదీయాలి కాబట్టే పైథాన్‌లో రాశాను. నిన్న రాత్రికి దారిలో పడింది.

ఎంఎక్స్ రికార్డు (డొమైన్ మెయిల్ ఏ సర్వర్‌కి రావాలో చెప్పేది), రివర్స్ డీఎన్ఎస్ (ఐపీని బట్టి సర్వర్ పేరు చెప్పేది) ఒక పూట పని. ఎలియాసెస్ ఫైల్లో ఐడీ పక్కన కోట్స్‌లో పైప్ గుర్తు (|), స్క్రిప్టు పాత్ రాసి న్యూఎలియాసెస్ కమాండు కొట్టాలి, అంతే.

ఆ ఫైలు రూట్ (అడ్మిన్) యూజర్‌ది కాబట్టి స్క్రిప్టు నోబడీ అనే, పెద్దగా అనుమతులు లేని యూజర్ మీద నడుస్తుంది. మన లాగిన్‌లో చక్కగా నడిచిన స్క్రిప్టే అక్కడ లాగ్ ఫైలు తెరవలేక ఆగిపోతుంది. ఎగ్జిట్ కోడ్ (స్క్రిప్టు ముగుస్తూ ఇచ్చే నంబరు) 1 వస్తే పోస్ట్‌ఫిక్స్ మెయిల్‌ని తిప్పి కొడుతుంది, స్క్రిప్టు కక్కిన ఎర్రర్‌ని కూడా అందులో పెడుతుంది. వాటర్ ట్యాంకర్ గురించి అడిగిన ఆంటీకి పైథాన్ ట్రేస్‌బ్యాక్ వెళ్ళింది. సిగ్గేసింది. ఏ తప్పొచ్చినా 75తో బయటికి రండి. అప్పుడు మెయిల్ క్యూలో ఉండి, మళ్ళీ ప్రయత్నం జరుగుతుంది. టెస్టు కూడా నోబడీగానే చెయ్యండి.

నన్ను నాలుగు రోజులు తిప్పింది మాత్రం ఇది. సెక్రటరీగారి జీమెయిల్‌కి అన్నీ చేరుతున్నాయి, బ్లాక్ మెంబర్ల జీమెయిల్‌కి ఒక్కటీ చేరట్లేదు. సర్వర్ ఒకటే, స్క్రిప్టు ఒకటే. లాగ్‌లో 550-5.7.26, అంటే పంపినవారెవరో రుజువు కాలేదని జీమెయిల్ తిరస్కరణ. హోస్టింగ్ సపోర్టువాళ్ళు మూడు టికెట్లు మూసేశారు. 'కొత్త డొమైన్ కదా, రెండు వారాలు ఆగండి' అన్నారే గానీ, నేను అతికించిన లాగ్ లైను చదివినవాడు లేడు. చదవనివాళ్ళ సలహా పట్టుకుని ఆగకండి.

చేరిన మెయిల్‌కి 'షో ఒరిజినల్' తెరిచాక గుట్టు తెలిసింది: ఎస్పీఎఫ్ (ఒక డొమైన్ పేరుతో పంపే హక్కున్న ఐపీల జాబితా) ఫెయిల్, డీకిమ్ (పంపిన డొమైన్ మెయిల్‌పై వేసే డిజిటల్ సంతకం) పాస్. ఎస్పీఎఫ్ చూసేది కవరు మీది చిరునామాని, అంటే మెయిల్ ఇచ్చేటప్పుడు సర్వర్ సర్వర్‌కి చెప్పే పంపినవారి ఐడీని. నా స్క్రిప్టు అసలు పంపినవారి పేరే కవరు మీద ఉంచుతోంది, వాళ్ళ జాబితాలో మా ఐపీ లేదు. సెక్రటరీగారి మెయిళ్ళని కాపాడింది డీకిమ్ సంతకం ఒక్కటే. బ్లాక్ మెంబర్లకి పంపేటప్పుడు నేను సబ్జెక్టు ముందు 'బి బ్లాక్' అని తగిలిస్తున్నాను. సబ్జెక్టు సంతకం కిందికి వస్తుంది, ఒక్క అక్షరం మార్చినా సంతకం చెల్లదు. రెండింట్లో ఒక్కటైనా నెగ్గాలన్నది జీమెయిల్ 2024 ఫిబ్రవరి నుంచి పంపేవాళ్ళందరికీ పెట్టిన నియమం.

ఇప్పుడు మెయిల్‌ని బైట్లుగా చదువుతున్నాను, లోపల వేలు పెట్టను. సబ్జెక్టు డీకోడ్ చేసేది బ్లాక్ పేరు చూడ్డానికే (తెలుగులో రాస్తే అది బేస్64లో, అంటే ఇంగ్లీషు అక్షరాల కోడ్‌గా వస్తుంది). లైబ్రరీతో విప్పి మళ్ళీ చుట్టకండి, పొడవాటి హెడర్ల మడతలు మారిపోతాయి. పోస్ట్‌ఫిక్స్ తలకట్టుగా పెట్టే 'ఫ్రమ్' లైను ఒక్కటే తీసేసి, మిగతాది సెండ్‌మెయిల్‌ (మెయిల్ పంపే కమాండు)కి 'మైనస్ ఐ', 'మైనస్ ఎఫ్'తో ఇవ్వాలి. 'ఐ' మర్చిపోతే చుక్క ఒక్కటే ఉన్న లైను దగ్గర మెయిల్ తెగిపోతుంది. 'ఎఫ్' కవరు మీది ఐడీ కోసం: దాని పక్కన మన డొమైన్‌లోని బౌన్స్ ఐడీ (తిరిగొచ్చే మెయిళ్ళు చేరేది), మన ఎస్పీఎఫ్‌లో మన ఐపీ ఉండాలి. ఆ బౌన్స్ ఐడీ ఈ స్క్రిప్టుకి తిరిగి రాకూడదు, వస్తే మెయిల్ గిరగిరా తిరుగుతూనే ఉంటుంది. పైన సొంత ఎక్స్-లూప్ హెడరొకటి చేర్చి, అది ముందే ఉన్న మెయిల్‌ని పంపకుండా ఆపేస్తున్నాను.

డీకిమ్ లేకుండా డీమార్క్ (ఫ్రమ్‌లోని డొమైన్ రుజువు కాకపోతే ఏం చెయ్యాలో ఆ డొమైన్‌వాళ్ళు చెప్పే నియమం) 'రిజెక్ట్' పెట్టుకున్నవాళ్ళ మెయిల్ ఇలా కూడా దాటదు. వాళ్ళ వరకు ఫ్రమ్‌లో మన ఐడీ, రిప్లై-టూలో వాళ్ళది పెట్టాల్సిందే.

బ్లాక్ పేరు కనబడాలన్న కోరిక కూడా తీరింది. మెంబరు జీమెయిల్ ఐడీలో పేరు తర్వాత ప్లస్ గుర్తు పెట్టి 'బి' చేర్చి పంపుతున్నాను. అటువైపు ఫిల్టరు దాన్ని చూసి లేబుల్ వేస్తుంది.